గోడ వైపు స్పీకరు

ఆ వానాకాలం మొదట్లోనే మా ఆవిడ పనిచేసే టెలిఫోన్ ఎక్స్ఛేంజీ మూతపడింది. తీగలు గుచ్చి లైన్లు కలిపే పాత బోర్డులన్నీ పీకేసి, వాటి చోట తనంతట తానే నంబర్లు కలుపుకునే యంత్రం పెట్టారు. ఆపరేటర్లందరినీ మెట్ల మీద నిలబెట్టి ఒక ఫోటో తీసి ఇళ్ళకి పంపించేశారు.

ఇంట్లో ఆవిడకి ఊపిరాడలేదు. పొద్దున్నే తల దువ్వుకుని, చేతిసంచీ తగిలించుకుని గుమ్మం దాకా వెళ్ళి, అక్కడ గుర్తొచ్చి ఆగిపోయేది. "వాన ఎంత పడుతోందో చూద్దామని," అనేది నన్ను చూసి. వాన చూడటానికి సంచీ ఎందుకని నేను అడగలేదు.

నేను నీటి సరఫరా ఆఫీసులో ప్లాన్లు గీసేవాణ్ణి. పైపులు గీసీ గీసీ విసుగొచ్చినప్పుడల్లా ఇంకేదో ఒకటి గీసుకోవడం అలవాటు. అలా గీసి పెట్టుకున్నదే ఒక స్టీరియో. రేడియో, టేపు, ఆంప్లిఫయర్, అటొకటి ఇటొకటి స్పీకర్లు, అన్నీ ఒకే చెక్కపెట్టెలో. బజారులో దొరికే బీరువాలాంటిది కాదు. మా ముందుగదిలో కిటికీకీ గోడకీ మధ్యనున్న చిన్న బల్ల మీద సరిగ్గా సరిపోయేది. ఒక ఆదివారం ఆ కాగితం తీసి ఆవిడ ముందు పరిచాను.

కళ్ళజోడు పెట్టుకుని చూసింది. "గీత బాగుంది. మరి చేసేదెవరు? మీరు బల్బు మార్చాలంటేనే కింద ఇద్దరు నిచ్చెన పట్టుకోవాలి."

"నువ్వే," అన్నాను.

ఎక్స్ఛేంజీలో తెగిన తీగలు ఆవిడే అతికేదని నాకు తెలుసు. ఆవిడ భోజనాల బల్ల మీది గుడ్డ తీసేసి, మడతపెట్టి, "తమ్ముణ్ణి రమ్మనండి. సామాన్లు వాడే తేవాలి," అంది. ఆ పూట ఆవిడ గుమ్మం వైపు వెళ్ళలేదు.

మా బావమరిది పాత సెట్లు కొని, విప్పి, పనికొచ్చే ముక్కలు అమ్ముకుంటాడు. రాగి అని చెప్పి ఇనుము అంటగడతారని జేబులో ఎప్పుడూ ఒక అయస్కాంతం ముక్క ఉంచుకునేవాడు. అందుకని బజారంతా అతన్ని మేగ్నెట్టు అనేది. రేపొస్తానంటే ఎల్లుండి వచ్చేవాడు, దారిలో ఉన్నానంటే ఇంకా మంచం దిగలేదని అర్థం. అతని మాటల్లో నమ్మదగింది ఒక్కటే. సరుకు మంచిదంటే మంచిదే.

జోరువానలో వచ్చాడు. నెత్తి మీద ఏమీ లేదు, ఉన్న ఒక్క ప్లాస్టిక్ గుడ్డా గోనెసంచీకి చుట్టి ఉంది.

"బావా, తువ్వాలు! నాక్కాదు, వీటికి."

సంచీలోంచి ట్రాన్స్‌ఫార్మర్ తీశాడు, ఆంప్లిఫయర్ బోర్డు తీశాడు, టేపు తిరిగే భాగం తీశాడు. చివర్న రెండు స్పీకర్లు పసిపిల్లల్ని ఎత్తినట్టు రెండు చేతులతో తీశాడు.

"ఒక తల్లి పిల్లలక్కా. ఒకే సెట్టులోంచి తీశాను. విడదీస్తే పాపం తగులుతుంది."

"పిల్లలకి జబ్బులేమీ లేవు కదా?" అంది మా ఆవిడ.

"నా సరుక్కి జబ్బా! ఇంకెవరైనా ఆ మాటంటే ఈ పాటికి చెప్పుచ్చుకునేవాణ్ణి."

"వానలో తడిసిన చెప్పు. తగిలినా నొప్పెట్టదులే."

నెలంతా ఆ బల్ల మీద అన్నాలు లేవు, అన్నీ కింద కూర్చునే. మా అమ్మాయి కాలేజీ నుంచి వచ్చి చెక్కలకి ఉప్పు కాగితం రుద్దేది. "డిగ్రీ చదివిస్తున్నారో, వడ్రంగం నేర్పిస్తున్నారో," అని గొణిగేది కానీ చెక్క మీద అరచెయ్యి ఆనించి నునుపు చూసుకోకుండా లేచేది కాదు. మా ఆవిడ సాల్డరింగ్ కడ్డీ పట్టుకుంటే ఊపిరి బిగబట్టేది. సీసం కరిగి మెరిసి చల్లబడ్డాకే వదిలేది. ఆవిడ ఊపిరి వదిలేదాకా మేమూ పీల్చుకునేవాళ్ళం కాదు. నా పని తీగలు అందించడం, వేళ్ళు కాల్చుకోవడం.

మొదటిసారి కరెంటు ఇచ్చినప్పుడు తేనెపట్టులాగా ఒకటే రొద. ఆవిడ ఒక తీగ విప్పి ఇంకో చోట అతికింది. రొద ఆగింది. ఆ నిశ్శబ్దంలోంచి రేడియోలో ఎవరో, రాగల రోజుల్లో భారీ వర్షాలు పడతాయని చెప్పారు. అంత దుర్వార్త విని చప్పట్లు కొట్టిన ఇల్లు మాదొక్కటే అయ్యుంటుంది.

మా ఆవిడ కుర్చీ తెచ్చి పెట్టెకి ఎదురుగా, సరిగ్గా మధ్యలో వేసుకుని కళ్ళు మూసుకుంది. టేపు పెట్టాను. పాట సగంలో కళ్ళు తెరిచింది.

"గోడ వైపుది తక్కువగా ఉంది."

ఆవిడ కూర్చున్న చోటి నుంచి కిటికీ ఎడమవైపు, గోడ కుడివైపు. నేనూ విన్నాను. నాకు రెండూ ఒకలాగే ఉన్నాయి. అయినా అదేమిటో చెప్పబుద్ధి కాలేదు. మా ఇంట్లో చెవి అంటే ఆవిడదే. లైను అవతల ఎవరైనా దగ్గితే ఆ దగ్గుని బట్టి ఇల్లు చెప్పే మనిషి. కుక్కర్ మూడో కూత ఎప్పుడు వేస్తుందో, నా చెప్పుల చప్పుడుని బట్టి ఆఫీసులో నాకు చీవాట్లు పడ్డాయో లేదో, అన్నీ ఆవిడే చెప్పేది.

పెట్టె మీద ఒక గుండీ ఉంటుంది. అటు తిప్పితే ఒక స్పీకరు పెరుగుతుంది, ఇటు తిప్పితే రెండోది. ఆవిడ దాన్ని గోడ వైపుకి తిప్పుకుంటూ పోయింది. దాదాపు చివరిదాకా తిప్పాక, "ఇప్పుడు నయం," అంది.

వంటగదిలో మా అమ్మాయి నా చొక్కా పట్టుకుని లాగింది. "నాన్నా, ముందే బాగుంది. ఇప్పుడు పాటంతా ఒకవైపుకి ఒరిగిపోయింది."

"నాకూ అలాగే ఉంది."

"మరి చెప్పొచ్చుగా?"

"అమ్మ చెవికి వంక పెట్టే మొనగాడు ఈ ఇంట్లో ఎవరే?"

"అదీ నిజమే. మన చెవులకే పట్టాలి ఉప్పు కాగితం."

నవ్వుకున్నాం. మర్నాటికి నాకు నిజంగానే గోడ వైపుది తగ్గినట్టు వినబడటం మొదలైంది. ఆవిడంటే మాకు ఉన్న నమ్మకం అలాంటిది.

మేగ్నెట్టుని పిలిపించింది. అతను స్పీకరు విప్పి అట్ట మీద వేలు ఆనించి చూశాడు, చెవి ఆనించి విన్నాడు, అయస్కాంతం పెట్టి కూడా చూశాడు. అదెందుకో అతనికే తెలియాలి.

"బాగానే ఉందక్కా."

"నీకు బాగానే ఉంటుంది. లారీ హారన్ల మధ్య పెరిగిన చెవులు."

అతను నవ్వేసి, సంచీలోంచి ఇంకో స్పీకరు తీసి గోడ వైపు బిగించాడు. ఆవిడ కళ్ళు మూసుకుంది. తెరిచింది.

"ఇదీ అంతే."

"అక్కా, అది మొన్ననే..."

"ఒకటి బతికింది, ఒకటి చచ్చింది కలిపి జత అన్నావు. అడిగితే ఇంకో చచ్చింది తెచ్చి బిగిస్తున్నావు. బజారులో అందరికీ అంటగట్టింది చాలక అక్కకి కూడా అంటగట్టావురా నువ్వు."

అది వేళాకోళం కాదని గదిలో అందరికీ ఒక్కసారే తెలిసింది. ఉద్యోగం పోయినప్పటి నుంచి ఆవిడలో మూలుగుతున్నదేదో ఆ మాటలో బయటికొచ్చిందని ఇప్పుడనిపిస్తుంది.

"ఆ మాట వెనక్కి తీసుకో అక్కా," అన్నాడు మెల్లిగా.

"ముందు నువ్వు నీ స్పీకరు వెనక్కి తీసుకో."

అతను స్క్రూలు ఒక్కొక్కటే విప్పి, తను తెచ్చింది తీసేసి, పాతది మళ్ళీ బిగించాడు. అంత కోపంలోనూ స్క్రూలు సగం బిగించి వదల్లేదు. వాన తగ్గేదాకా కూర్చోమన్నాను. "వస్తా బావా," అని దిగిపోయాడు. తర్వాత రాలేదు.

ఆ తర్వాతి ఆదివారం మధ్యాహ్నం నేను కాగితం మీద పెట్టెనంతా ముక్కలుగా గీశాను. ఇటు తీగ అటు, అటు తీగ ఇటు మార్చాలి. తప్పు కూడా దాంతోపాటు అటు నుంచి ఇటు మారితే, అది ఆ తీగకి ముందే ఎక్కడో ఉన్నట్టు. మారకపోతే తర్వాత ఉన్నట్టు. ఆవిడ కాగితం చూసి, "మా ఎక్స్ఛేంజీలో చేసేది ఇదే. బొమ్మ గీసేవాళ్ళు లేరంతే," అంది.

గుండీ మధ్యకి తిప్పి, స్పీకర్ల తీగలు మార్చాం.

"ఏ వైపు?"

"గోడ వైపే."

టేపు నుంచి బోర్డుకి వచ్చే తీగలు మార్చాం.

"గోడ వైపే."

అసలు స్పీకర్లనే విప్పి దీని చోట దాన్ని, దాని చోట దీన్ని పెట్టాం. ఇక మార్చడానికి పెట్టెలో ఏమీ మిగల్లేదు. ఆవిడ విన్నది. లేచి కుర్చీ వెనక్కి తిప్పి, పెట్టెకి వీపు పెట్టి కూర్చుంది. పాట సాగుతోంది. నేను స్క్రూడ్రైవర్ పట్టుకుని నిలబడ్డాను.

"ఇప్పుడు కిటికీ వైపుది తగ్గింది," అంది.

పాట అయిపోయేదాకా అలాగే కూర్చుంది. తర్వాత లేచి సాల్డరింగ్ స్విచ్ ఆపింది. బల్ల మీద పడ్డ సీసం పూసలు అరచేతిలోకి ఏరింది.

"ఏమండీ, తమ్ముడికి కబురు పెట్టండి."

"ముందు డాక్టరు దగ్గరికి వెళ్దాం."

"ముందు వాడు," అంది.

అతను ఊళ్ళో లేడు. ఎక్కడో మూసేసిన కార్ఖానాలో సామాను వేలం వేస్తున్నారని వెళ్ళాడట. అందుకని డాక్టరే ముందయ్యాడు.

చెవి డాక్టరు ఆవిడ తలకి రెండు కొమ్ముల ఇనుప పుల్లలాంటిదొకటి మోగించి ఆనించి చూసి, పెద్దాసుపత్రికి రాసిచ్చాడు. అక్కడ స్కాన్ తీశారు. బొమ్మల్ని వెలుతురుకి పెట్టి చూసిన డాక్టరు వయసులో మా అమ్మాయి కంటే కొంచెమే పెద్దది. మాట్లాడే ముందు లేచి, తన కుర్చీ లాక్కుని వచ్చి మా ఆవిడకి ఎడమ పక్కన కూర్చుంది. అలా చెయ్యమని ఆ అమ్మాయికి ఎవరూ నేర్పి ఉండరు. చెప్పిన సంగతి ఎంత ఘోరమైనా, చెప్పడానికి ఆ అమ్మాయి కూర్చున్న తీరు నాకు ఇప్పటికీ చల్లగా ఉంటుంది.

కుడి చెవి నుంచి మెదడుకి వెళ్ళే నరం మీద గడ్డ. నిమ్మకాయంత. ఏళ్ళ తరబడి నెమ్మదిగా పెరిగింది. ఇప్పుడు మెదడుని నొక్కుతోంది. తియ్యకపోతే ప్రాణానికే ముప్పు, తీస్తే ఆ చెవి ఎలాగూ ఉండదు. ముఖం ఒక పక్క జారిపోవచ్చు. తియ్యడంలోనూ ప్రమాదం ఉంది.

"హెడ్‌సెట్ పెట్టుకోవడం వల్ల వచ్చిందా అమ్మా? ఎప్పుడూ ఆ చెవికే పెట్టుకునేదాన్ని," అంది మా ఆవిడ.

"దానికీ దీనికీ సంబంధం లేదండీ."

"పాపం, లైనులో మాట సరిగా వినబడనప్పుడల్లా ఆ హెడ్‌సెట్‌నే తిట్టుకున్నాను." తర్వాత నా వైపు తిరిగి, "నా నోటికి ఈ మధ్య ఎవరూ మిగల్లేదండీ," అంది.

మేగ్నెట్టు వచ్చేసరికి ఆపరేషన్ తేదీ కూడా ఖాయమైంది. గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో అట్టపెట్టె. విప్పని పెట్టె, షాపు దారం కూడా ఊడలేదు.

"కొత్త స్పీకర్లు బావా. నేను విప్పినవి కావు. అక్కకి నమ్మకం ఉంటుంది," అని బల్ల మీద పెట్టి వెళ్ళబోయాడు. జీవితంలో అతను షాపులో సరుకు కొనడం అదే మొదలు.

మా అమ్మాయి వెనకాలే వెళ్ళి మెట్ల మీద ఆపి సంగతంతా చెప్పింది. నాకు మాటలు వినబడలేదు. చాలాసేపటికి అతను మళ్ళీ లోపలికొచ్చాడు. వచ్చి అక్క కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుని, ఆ అట్టపెట్టె దారం ముడి విప్పుతూ ఉండిపోయాడు.

"ఒరేయ్, ఆ రోజు నేనన్నది..."

"టీ ఉందా అక్కా? దారంతా గొంతు ఎండిపోయింది."

"ఇస్తాను. ముందు నా మాట..."

"పంచదార ఎక్కువెయ్యి."

ఆ రోజు నుంచి రోజూ వచ్చాడు. పెట్టెకి పైచెక్క బిగించాడు, స్పీకర్ల ముందు గుడ్డ లాగి పట్టుకుంటే మా ఆవిడ చిన్న మేకులు కొట్టింది. ఏ రోజైనా ఆవిడ "తమ్ముడూ" అని కొంచెం మెత్తగా మొదలుపెడితే చాలు, అతనికి బజారులో పని గుర్తొచ్చేది. లేదా సుత్తి చప్పుడు పెంచేవాడు. ఒకసారి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టబోతే, "అక్కా, కాలు తిమ్మిరెక్కింది," అని లేచి గదిలో కుంటాడు.

పెట్టె పూర్తయింది. ఒంటి చెవితో వినడానికి ఆవిడ ఒక కొత్త పద్ధతి పట్టింది. కుర్చీ అడ్డంగా వేసుకుని, ఎడమ చెవి పెట్టె వైపు పెట్టి కూర్చునేది. అలా కూర్చుంటే ఆవిడ ముఖం నేను కూర్చునే మూలకి ఎదురుగా వచ్చేది. పెళ్ళయినప్పటి నుంచీ పాట వినేటప్పుడు ఆవిడ ముఖం నేను చూడనేలేదు. ఎప్పుడూ పక్కపక్కనే కూర్చునేవాళ్ళం. ఆ కొన్ని సాయంత్రాలూ చూశాను.

"ఏమిటలా చూస్తారు? పాట నా మొహం మీద రాసుందా?"

"ఉంది."

"మరైతే కరెంటు దండగ. ఆపెయ్యండి," అంది కానీ ఆపనివ్వలేదు.

ఆసుపత్రికి వెళ్ళడానికి ముందు బట్టలు సర్దుకుంటూ అంది. "వాడు నన్ను చెప్పనివ్వడం లేదండీ. తమ్ముణ్ణి పట్టుకుని దొంగని అన్నంత మాట అన్నాను. ఆ మాట గొంతులో పెట్టుకుని ఆపరేషన్ బల్ల ఎలా ఎక్కను?"

నేను మెట్ల మీద అతన్ని పట్టుకున్నాను. "ఒక్కసారి వినరా. చెప్పుకోనీ. దాని మనసు తేలికపడుతుంది."

"నీకు తెలియదు బావా," అన్నాడు. జేబులో అయస్కాంతాన్ని అటూ ఇటూ తిప్పుతున్నాడు. "వెళ్ళిపోయేవాళ్ళే అన్నీ తేల్చుకుంటారు. నన్ను చూడు, ఎవరికీ ఏదీ పూర్తిగా తీర్చను. అందుకే అందరూ మళ్ళీ పిలుస్తారు. అక్క నాకు ఒక మాట బాకీ. ఉండనీ. ఆ బాకీ కోసమైనా తిరిగొస్తుంది."

నేను లోపలికెళ్ళి, నువ్వు తిరిగొచ్చాక వాడు వింటానన్నాడని చెప్పాను. ఆవిడ నన్ను కాసేపు చూసి, సంచీ జిప్పు లాగింది.

గడ్డ తీసేశారు. ఆవిడ కళ్ళు తెరిచింది. ముఖం కుడి పక్క మొత్తం జారిపోయింది. ఆ కన్ను మూతపడేది కాదు. గది ఊడ్చే ఆవిడ వచ్చినప్పుడల్లా చీపురు గోడకి ఆనించి, చెయ్యి కడుక్కొచ్చి, ఆ కంటి మీద తడిగుడ్డ సరిచేసి వెళ్ళేది. అది ఆమె పని కాదు. రెండు రోజులు మాటలు ముద్దముద్దగా వచ్చాయి. మంచినీళ్ళు అడిగింది. పెట్టె మీద గుడ్డ కప్పారా, తేమకి తుప్పు పడుతుంది, అని అడిగింది. తమ్ముడేడీ అని అడిగింది. అతను వరండాలోనే ఉన్నాడు. మందులకి పరుగెత్తేవాడు, డాక్టర్ల వెనక తిరిగేవాడు, తలుపు దాకా వచ్చి లోపలికి తొంగిచూసి వెనక్కి వెళ్ళిపోయేవాడు.

తర్వాత జ్వరం పట్టుకుంది. చీము లోపలికి పాకిందన్నారు. ఇంకో మందు, ఇంకో సూది. మాట పోయింది. కళ్ళు తెరిచినా ఎవర్ని చూస్తోందో తెలిసేది కాదు. ఆ చిన్న డాక్టరమ్మ ఒక ఉదయం వరండాలోకి వచ్చి, "దగ్గరి వాళ్ళని రమ్మనండి. వినబడుతుందో లేదో చెప్పలేను కానీ, మాట్లాడండి," అంది.

నేనూ మా అమ్మాయీ మంచానికి ఎడమవైపు, గోడకీ మంచానికీ మధ్య ఇరుకులో నిలబడ్డాం. వచ్చినవాళ్ళు కూర్చునే స్టూలు కుడివైపు, తలుపు దగ్గరే ఉంది. మేగ్నెట్టు వచ్చాడు. స్టూలు వైపు చూశాడు. కూర్చోలేదు. మంచం కాళ్ళ వైపు నుంచి చుట్టూ తిరిగి, సెలైన్ గొట్టం పైకెత్తి దాని కింద నుంచి దూరి మా వైపు వచ్చాడు. నేను గోడకి అంటుకుపోయి చోటిచ్చాను. వంగి ఆవిడ ఎడమ చెవి దగ్గర నోరు పెట్టాడు.

"అక్కా. నేను."

ఏమీ కదల్లేదు.

"అక్కా, ఆ స్పీకరు నిజంగా పాడుదే. అట్ట వెనకాల చిరుగుంది. నాకు తెలుసు. తెలిసే తెచ్చాను. నువ్వన్నది నిజమే. నువ్వు నాకేం చెప్పక్కర్లేదు."

ఆ స్పీకరుని నా చేతులతో విప్పి చూశాను. దానికి ఏ చిరుగూ లేదు. సరుకు గురించి అతను అబద్ధం చెప్పడం నేను విన్నది ఆ ఒక్కసారే.

ఆవిడ నోటి ఎడమ కొస కొంచెం కదిలింది. కదిలి, కాసేపు అలాగే ఉంది.

"నవ్విందా?" అన్నాడు తల ఎత్తకుండానే.

"లేదు మామయ్యా," అంది మా అమ్మాయి. "తిట్టింది."

అతను చొక్కా చేతికి కళ్ళు తుడుచుకున్నాడు.

"అయితే వినబడింది," అన్నాడు.